సన్న కేబులు

బాలాజీ గారు పెన్నుతో కొట్టేస్తే భయపడనక్కర్లేదు. పెన్ను గీతకి సంతకం కావాలి, తారీకు కావాలి, ఎందుకు కొట్టేశారో పక్కన రెండు ముక్కలు రాయాలి. ఆయన పెన్సిల్ తీశారంటేనే ఆ అంకె పని అయిపోయినట్టు. కింద పనిచేసేవాళ్ళు దాన్ని తమంతట తామే రబ్బరుతో తుడుచుకుని, తమంతట తామే సరిదిద్దుకుని, తమ సంతకమే పెట్టి పట్టుకొస్తారు. డిపార్టుమెంటులో ఇన్నేళ్ళు నలిగి ఆయన సంపాదించుకున్న తెలివి అది.

ఆ పూట పెన్సిల్ కింద పడింది రెండువందల నలభై, చదరపు మిల్లీమీటర్లలో కేబులు లావు. దాని పక్కన తొంభై ఐదు వెలిసింది.

"ఏంటమ్మా కృపా! కొండమీదికి కేబులు వెయ్యమంటే ఏనుగుని కట్టే గొలుసు రాసుకొచ్చావు? పైన ఏమున్నాయి చెప్పు. పిడికెడు ఊళ్ళు, ఇంటికి రెండు బల్బులు, నాలుగు కాఫీ పళ్ళు ఒలిచే మిషన్లు. తొంభై ఐదు వేసినా సగం ఖాళీగా పడుంటుంది."

కృపావతి బల్లకి ఇవతల నిలబడి ఉంది. ఆమె అసిస్టెంటు ఇంజినీరు, ఆయన ఆమె పై అధికారి. కుర్చీ ఉంది గాని ఆయన కూర్చోమనలేదు. కావాలని కాదు, ఆయనకి గుర్తుండదు. ఆ ఆఫీసులో ఇంజినీరు ఉద్యోగం దాకా వచ్చిన మొదటి కొండ పిల్ల ఆమె. మిగతా కొండవాళ్ళంతా ఆయన ముందు నిలబడే మాట్లాడతారు కాబట్టి ఆయన కళ్ళు దానికే అలవాటుపడ్డాయి.

"లోడుకి తొంభై ఐదు చాలు సార్. నేను వేసింది ఫాల్టుకి," అంది.

సంగతి ఏమిటంటే, కొండ కింద పెద్ద సబ్‌స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ముప్పైమూడు వేల వోల్టుల లైను ఘాటీ ఎక్కి, పైన మూడు పాయలుగా చీలి ఊళ్ళన్నిటికీ వెళుతుంది. లైను కొండెక్కే మొదటి వంపులో కొత్తగా రిసార్టు లేచింది. లంబసింగి చలి చూసి తిరిగొచ్చేవాళ్ళు అక్కడ ఆగి మబ్బులు చూస్తారట. ఆ మబ్బుల ఫోటోల్లో కరెంటు తీగలు పడుతున్నాయట. అందుకని ఆ వంపు మేరకు స్తంభాలు పీకేసి లైనుని భూమిలోకి దించాలి. కేబులు ఖర్చు రిసార్టు వాళ్ళది. ఎంత లావుది వెయ్యాలన్నది మాత్రం డిపార్టుమెంటు చెప్పాలి.

గెడ్డ మీద తూము వేసేవాడు ఎండాకాలంలో పారే నీళ్ళు చూసి వెయ్యడు. వానాకాలంలో ఒక్క పూట వచ్చిపోయే వరద చూసి వేస్తాడు. కేబులూ అంతే. రోజూ నడిచే కరెంటు కొంచెమే. ఎక్కడో చెట్టుకొమ్మ విరిగి రెండు తీగల్ని కలిపిందంటే, సబ్‌స్టేషన్‌లో ఉన్న బలమంతా ఒక్కసారి అటు దూకుతుంది. బ్రేకరు పడి దాన్ని ఆపేదాకా ఆ వేడంతా కేబులు మింగాలి. మింగేంత లావు లేకపోతే లోపలి తొడుగు ఉడికిపోతుంది.

"ఫాల్టు ఎంతసేపు నిలుస్తుందని వేశావు?" అన్నారు బాలాజీ.

"ఒక సెకను సార్. మన కింది బ్రేకరు సెకను ఆగాకే కదా పడుతుంది. ఆ లోపల పైన ఏ పాయలో తప్పు జరిగిందో ఆ పాయ బ్రేకరే పడిపోతే, మిగతా ఊళ్ళకి కరెంటు ఉంటుంది."

"ఆ సెకను నీకెవరిచ్చారు? బ్రేకరుని పడేసే రిలేకి చెబితే సెకనులో ఐదో వంతుకే పడేస్తుంది. ఐదో వంతు వేసి చూడు."

ఆమె కాలిక్యులేటర్ నొక్కింది. తొంభై ఐదు సరిపోయింది. లెక్కలో తప్పు లేదు. ఉంటే బావుండుననిపించి ఆమెకి ఒళ్ళు మండింది.

"అలా పెడితే పైన ఎక్కడ ఏ పుల్ల తగిలినా కొండంతా పోతుంది సార్."

"పోతే మళ్ళీ వస్తుంది. వాళ్ళకేమన్నా కొత్తా?"

ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనగలిగేది. టీ తాగుతూ అన్నారాయన. 'వాళ్ళు' అన్నది ఎవరి ముందో కూడా ఆయనకి తట్టలేదు.

కృపావతి తన బల్ల దగ్గరికొచ్చి రబ్బరు తీసుకుంది. రెండువందల నలభై తుడిచింది, తుక్కు ఊదింది, తొంభై ఐదు రాసి సంతకం పెట్టింది. ఎవరూ చూడటం లేదు. అయినా సిగ్గేసింది.

*

కొండవాలున వలిసె చేలు పసుప్పచ్చగా పూసేనాటికి కేబులు భూమిలో ఉంది. కింద ఇసుక, పైన ఇటుకలు, ఆపైన మట్టి, మట్టి మీద రిసార్టు వాళ్ళు పరిచిన పచ్చిక. స్తంభాలు పోయాయి. మబ్బులకి అడ్డం ఏమీ లేదు.

కేబులులోకి కరెంటు వదిలి చార్జి చేసే రోజు కృపావతి కింది సబ్‌స్టేషన్‌కి వెళ్ళింది. డ్యూటీలో ధర్మ ఉన్నాడు. కాంట్రాక్టరు కింద పనిచేసే ఆపరేటరు, ఆమెకి మావ వరస. నలుగురిలో 'ఏఈ అమ్మ' అంటాడు, ఎవరూ లేకపోతే చిన్నపిల్లని పిలిచినట్టు 'గుంటా' అంటాడు. భుజం మీద గుడ్డ ఎప్పుడూ ఉంటుంది. మాట్లాడుతూనే ప్యానెళ్ళు తుడుస్తుంటాడు, గేదెని నిమిరినట్టు.

ఆమె రిలే ముందు నిలబడి సమయాన్ని ఐదో వంతుకి తన చేత్తోనే దించింది.

"మావా, ఒక మాట. ఈ లైను పడిపోతే ఇంక నిలబెట్టి సూడొద్దు. లైన్‌మెన్లు నడిసి సూసొచ్చినాకే చార్జి సెయ్యి."

ధర్మ నవ్వేశాడు. "నిలబెట్టి సూడకపోతే ఎలగే గుంటా?"

అతను నవ్వడంలో తప్పు లేదు. లైను పడిపోతే తప్పు ఎక్కడుందో వెతకడానికి గెడ్డలు దాటాలి, కాఫీ తోటల్లో దూరాలి, జలగలతో వేగాలి. ఒక పూట చాలదు. అందుకని ఆ సబ్‌స్టేషన్‌లో ఎప్పటినుంచో ఒక పద్ధతి నడుస్తోంది. బ్రేకరు పడితే మళ్ళీ వేస్తారు. మళ్ళీ పడితే మళ్ళీ వేస్తారు. అలా మూడుసార్లు. తీగకి ఆనుకున్న కొమ్మ రెండో దెబ్బకో మూడో దెబ్బకో మాడి రాలిపోతుంది, లైను నిలబడుతుంది. ఏ పుస్తకమూ ఒప్పుకోని పద్ధతి. కొండమీద ఎన్నో కాన్పులు ఆ మూడో దెబ్బతో వచ్చిన వెలుగులోనే అయ్యాయి. కృపావతి పదో తరగతికి చదివింది కూడా ఆ వెలుగులోనే.

"గాలిలో తీగకి ఏటీ కాదు మావా, సల్లారిపోద్ది. భూమిలో ఉన్నది బేగి సల్లారదు. మొదటి దెబ్బ వేడి లోపలే ఉండిపోద్ది. దానిమీద రెండోది, మూడోది పడితే తట్టుకోలేదు."

"అలగైతే ఇంకాస్త లావుది ఏయించాల గదే," అన్నాడు ధర్మ గుడ్డ దులుపుతూ.

అతను దెప్పలేదు. మామూలుగా అన్నాడు. కృపావతి రిలే గాజు తలుపు మూసి తాళం వేసింది.

*

వారం తిరక్కుండానే సముద్రంలో వాయుగుండం పట్టింది. కొండమీద వాన తక్కువే, గాలి మాత్రం కాఫీ తోటల నీడచెట్లని వంచి వదులుతోంది. సిల్వర్ ఓక్ కొమ్మలు పెళుసు. ఒకటి విరిగి ఎక్కడో ఒక పాయ మీద ఆనితే చాలు, కింద బ్రేకరు ఠపీమని పడుతుంది, మూడు పాయలూ పోతాయి. లైన్‌మెన్లు తడుస్తూ నడిచి, కొమ్మ తీసి ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం అవుతుంది. చార్జి చేస్తే గంట నిలవదు, మళ్ళీ పోతుంది. ఒక్క ఊరి కొమ్మకి కొండంతా చీకటి. ధర్మ చెప్పినట్టే నడుచుకుంటున్నాడు. నిలబెట్టి చూడటం లేదు.

కృపావతి స్కూటీ వేసుకుని తమ ఊరు జోడుగరువు వెళ్ళింది. ఊరి మొదట్లోనే ఆడవాళ్ళ సంఘం షెడ్డు, అందులో కాఫీ పళ్ళు ఒలిచే మిషను. దాన్ని చూసుకునేది ఆమె పెద్దమ్మ సోములమ్మ. మోటారు మిషను మీద గోనె కప్పి ఉంది. మూలనుంచి పాత చేతి మిషను బయటికి లాగారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్కన పట్టుకుని తిప్పుతున్నారు. తిప్పే చేతులకి పాత చీర ముక్కలు చుట్టుకున్నారు. షెడ్డు నిండా ఎర్రటి పళ్ళు రాశులు. వాసన ముందే తెలిసిపోయింది, పుల్లగా, ముక్కుకి అడ్డంగా.

కాఫీ పండు కోసిన రోజే తోలు ఊడాలి. మర్నాటికి ఆగితే పులుస్తుంది. పులిసిన గింజ ఎండాక చూడటానికి బాగానే ఉంటుంది గాని, కొనేవాడు గుప్పెట్లోకి తీసుకుని ఒక్కసారి వాసన చూసి బస్తా పక్కకి నెట్టేస్తాడు. ఏడాది పొడుగునా చేసిన చాకిరీ ఆ ఒక్క వాసనతో పోతుంది.

"రాశిలో సెయ్యెట్టి సూడవే," అంది సోములమ్మ.

కృపావతి మోచేతి దాకా పెట్టింది. లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన బిడ్డ పొట్టలాగా.

"కోత ఆపీమందామంటే పళ్ళు సెట్టునే రాలిపోతన్నాయి. కోసీమంటే ఇదిగో ఇలగ. ఏటి సెయ్యమంటావు?" సోములమ్మ కూర్చోలేదు, రాశిని పారతో తిరగేస్తూనే మాట్లాడుతోంది. "మునపు పక్క ఊరిలో కొమ్మ పడితే ఆలకే పోయీది, మనకి ఉండీది. ఇప్పుడేటే, ఎవులింట్లో తుమ్మినా అందరికీ పోతన్నాది?"

"అది కింద పెట్టిన టైము వల్ల పెద్దమ్మా. కేబులు కోసం అలగ పెట్టాల్సొచ్చింది."

"మరి తీసీ. నీ సేతిలోదే గదా?"

"తీసేస్తే కేబులు పోద్ది."

సోములమ్మ పార ఆపింది. "పోద్దేమో. పళ్ళు పోనే పోనాయి గదే."

కింద వంపులోంచి రిసార్టు జనరేటరు చప్పుడు సన్నగా ఎక్కి వస్తోంది. మబ్బుల్లో దాని దీపాలు పగలే వెలుగుతున్నాయి.

"ఆలకి జనరేటరుంది," అంది పెద్దమ్మ. "మాకు నువ్వున్నావనుకున్నాం."

*

ఘాటీ దిగుతుంటే సిగ్నల్ అందే మలుపు దగ్గర ఫోన్ మోగింది. బాలాజీ గారు.

"కృపా, రిసార్టు వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారమ్మా. జనరేటరు మోతకి గెస్టులు ఖాళీ చేసిపోతున్నారట. ఆ రిలే టైము సెకనుకి పెంచి పడెయ్యి. సీజన్ అయ్యేదాకా."

"కేబులు ఐదో వంతుకి వేశాం సార్."

"నాకు తెలీదూ? రోజూ పడిపోతుందా ఏంటి? పెంచు."

"ఒక మెసేజ్ పెట్టండి సార్, పెంచమని."

 అటువైపు నవ్వు. "అంటే, నామీద నమ్మకం లేదన్నమాట. సర్లే, నీ ఇష్టం," అని పెట్టేశారు. నీ ఇష్టం అంటే చెయ్యమనే. చేశాక ఏమైనా అయితే నీ ఇష్టప్రకారం అయ్యిందని.

ఆమె కాదనవచ్చు. ఇంటికి పోయి పడుకోవచ్చు. కానీ మోచేతికి ఆ రాశి వెచ్చదనం ఇంకా అంటుకునే ఉంది. వేళ్ళ నుంచి పులుపు వాసన పోలేదు. నిజం చెప్పాలంటే బాలాజీ గారి మాట ఆమెని కదపలేదు, ఆ వాసన కదిపింది. తన వాళ్ళకీ రిసార్టు వాళ్ళకీ కావలసింది ఒకటే అవుతుందని, అదే తప్పు అవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సబ్‌స్టేషన్‌కి వెళ్ళి రిలే తాళం తీసింది. ధర్మ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఐదో వంతు ఉన్నచోట సెకను పెట్టింది. దానికి పట్టింది రెండు మీటలు నొక్కేంతసేపు.

"మంచి పని సేసినావే," అన్నాడు ధర్మ.

"నిలబెట్టి మాత్రం సూడకు మావా. అది ఒక్కటీ నా మాట విను."

"సరేనే, సెప్పినావు గదా."

రెండు రోజులు కొండ వెలిగింది. గాలి అలాగే ఉంది, కొమ్మలు అలాగే విరిగాయి, ఏ పాయ తప్పు ఆ పాయతోనే పోయింది. కృపావతి పని లేకపోయినా జోడుగరువు రోడ్డున వెళ్ళి, షెడ్డులో మోటారు తిరుగుతున్న చప్పుడు విని వెనక్కి వచ్చింది. లోపలికి వెళ్ళలేదు. వెళితే పెద్దమ్మ మెచ్చుకుంటుంది, అది వినాలనిపించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక కొమ్మ, కేబులు భూమిలోంచి పైకొచ్చే మొదటి స్తంభం మీదే పడింది. అక్కడ పాయలు లేవు, ఇంకో బ్రేకరు లేదు. సబ్‌స్టేషన్ బలమంతా సన్న కేబులులోంచి ఒక సెకను పారింది. బ్రేకరు పడింది. ధర్మ మళ్ళీ వేశాడు. పడింది. మళ్ళీ వేశాడు.

ఆ మూడో దెబ్బకి రిసార్టు గేటు ముందు పచ్చిక పైకి లేచింది.

కృపావతి వెళ్ళేసరికి ఇటుకలు రోడ్డు దాకా ఎగిరి పడి ఉన్నాయి. ఇసుక నల్లగా అట్టగట్టింది. గోతిలో కేబులు జాయింటు దగ్గర పగిలి, లోపలి తొడుగు కరిగి కారి చల్లారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. చలికోట్లు వేసుకున్న జంట ఒకటి గోతిని వెనక పెట్టుకుని ఫోటో తీసుకుంటోంది.

సబ్‌స్టేషన్‌లో ధర్మ కుర్చీలో కాదు, నేల మీద కూర్చున్నాడు. అరచేతులు రెండూ తొడల మీద బోర్లించి ఉన్నాయి.

"నువ్వు సెప్పినావు," అన్నాడు. "సెవిలో ఉంది నీ మాట. పైన మిషన్లు తిరుగుతన్నాయి గదా అని సెయ్యి ఎల్లిపోనాది. ఎప్పుడూ ఎల్లీ సెయ్యే గదే గుంటా."

*

పాత స్తంభాలు పీకేశారు కాబట్టి లైనుకి ఇంకో దారి లేదు. కొండ మొత్తం చీకటైంది. రిసార్టు జనరేటరు మీద నడుస్తోంది.

మర్నాడు పొద్దున్నే బాలాజీ గారు జీపులో గోతి దగ్గరికి వచ్చారు. బూటు కొనతో ఒక ఇటుకని తోసి చూశారు. ఆమెని చూసి, వింతగా, "టిఫిను తిన్నావా?" అని అడిగారు.

"రేపు విశాఖపట్నం నుంచి ఎంక్వయిరీకి వస్తున్నారు. నువ్వేం కంగారుపడకు. ధర్మ అంతా ఒప్పేసుకుని రాసిచ్చేశాడు."

"ఏం రాసిచ్చాడు సార్?"

"టైము తనే పెంచాడట. మూడుసార్లు తనే వేశాడట."

"టైము పెంచింది నేను. మీరు చెబితే."

"నేను చెప్పలేదు, నువ్వు పెంచలేదు," అన్నారాయన చాలా నెమ్మదిగా, పిల్లలకి పాఠం చెప్పినట్టు. "కృపా, నీ మంచికే చెబుతున్నా. ఐదో వంతుకి కేబులు డిజైను చేశావు. అది కరెక్టు. ఆపరేటరు దాన్ని చెడగొట్టాడు. డిజైను తప్పని ఎవడూ అనలేడు. అదే సైజు మళ్ళీ దించుతాం. ఇవాళే ఎస్టిమేటు రాసి పెట్టు, తొంభై ఐదే."

ఆమె గోతిలోకి చూస్తూ నిలబడింది. రబ్బరుతో తుడిచిననాడు ఆ సన్న అంకె కొండకి ముప్పు అనుకుంది. అది ఆయనకి గొడుగు అని అనుకోలేదు. ఇప్పుడు ఆ గొడుగు కిందికి తననీ రమ్మంటున్నారు.

సరాసరి జోడుగరువు వెళ్ళింది. ధర్మ ఇంటి అరుగు మీద వెదురు బద్దలు చీలుస్తున్నాడు, బుట్ట అల్లడానికి. పక్కన సోములమ్మ, ఊరివాళ్ళు ఇంకో నలుగురు. ఆమె కోసమే ఉన్నట్టున్నారు.

"ఎందుకు రాసిచ్చినావు మావా?"

ధర్మ కత్తి ఆపలేదు. సోములమ్మే చెప్పింది.

"నిన్న ఊరంతా కూకున్నాం. మీ మావ సంగతి నీ సంగతి అన్నీ మాటాడుకున్నాం. ఆపరేటరు పని పోతే ఆడు కూలికెల్తాడు, అడివికెల్తాడు, బతుకుతాడు. నీ పని పోతే? ఆ ఆపీసులో మనోల్లు ఇంకొకరు కూకోడానికి ఎన్నేళ్ళు పడతాదే? నిన్ను పోగొట్టుకోకూడదనుకున్నాం. ఆడూ సరే అన్నాడు."

"మూడుసార్లు ఏసినమాట నిజిమే గదా," అన్నాడు ధర్మ. "దాంతోపాటు ఇంకో మాట. అంతే."

కృపావతి అరుగు అంచున కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడిస్తే వాళ్ళు ఓదారుస్తారు, అది ఇంకా ఘోరం. అందుకని గబగబా చెప్పేసింది.

"పెద్దమ్మా, మావది తప్పయితే కేబులుది తప్పు కాదు. కేబులుది తప్పు కాకపోతే మళ్ళీ అదే సన్నది ఏస్తారు. సన్నదుంటే టైము తగ్గించే ఉంచాల. తగ్గిస్తే ఎక్కడ పుల్ల తగిలినా కొండంతా పోద్ది, మొన్నటిలాగే. ఈ ఏడు కాదు, ఏటేటా. మీరు నన్ను ఉంచుకుంటే ఆ సన్నది కూడా ఉండిపోద్ది."

ధర్మ ఇంకో వెదురు బద్ద అందుకున్నాడు.

"సన్నది సాలదని నీకు ముందే ఎరికా?" అంది సోములమ్మ.

"ఎరికే."

"మరి సన్నదని రాసిందెవులే?"

"నేనే పెద్దమ్మా."

సోములమ్మ ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తిట్టి ఉంటే బావుండేది.

"దాన్నొగ్గీ అప్పా," అన్నాడు ధర్మ సోములమ్మతో, బద్ద మీదనుంచి కళ్ళెత్తకుండా. "ఆపీసులో కూకున్నాక ఆపీసు రాయమన్నదే రాత్తారు."

ఆమెని వెనకేసుకొచ్చి అన్న మాట అది. ఆ రోజు విన్నవాటన్నిటిలోకీ అదే లోతుగా దిగింది.

*

ఎంక్వయిరీలో ఆమెని కూర్చోమన్నారు. కూర్చుని, ఆ కొండకి రెండువందల నలభై కావాలని తనకి తెలుసునని, తెలిసీ తొంభై ఐదు రాసి సంతకం పెట్టానని, రిలే టైము తన చేత్తోనే పెంచానని, ధర్మకి అందులో ఏ సంబంధమూ లేదని చెప్పింది. పెంచమన్నది బాలాజీ గారని కూడా చెప్పింది. రాతలో ఏమన్నా ఉందా అని అడిగారు. లేదంది. బాలాజీ గారు బల్ల అవతల తన వేళ్ళకేసి చూసుకుంటున్నారు.

ఆమెని సస్పెండు చేశారు. బాలాజీ గారిని శిక్ష కింద బదిలీ చేశారు, చాలాకాలంగా ఆయన అడుగుతున్న ఊరికే. ధర్మ పని తిరిగి రాలేదు. కాంట్రాక్టరు అప్పటికే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు, పైగా అబద్ధం రాసిచ్చినవాణ్ణి ఎలా నమ్మమన్నాడు. జోడుగరువు సంతలో సోములమ్మ ఎదురుపడి ముఖం తిప్పుకుంది. ఊరంతా కూర్చుని దాచుకున్నదాన్ని చేజేతులా పారేసి వచ్చింది కదా మరి.

కొత్త కేబులు చుట్టిన డ్రమ్ము వచ్చేసరికి కాఫీ కోత అయిపోయింది. చేతి మిషనుతో ఒలిచినంత ఒలిచారు, మిగతాది తోలుతోనే ఎండేసుకున్నారు.

డ్రమ్ము వచ్చిందని విని కృపావతి వంపు దగ్గరికి నడిచి వెళ్ళింది. రోడ్డు పక్క ఇనప కాళ్ళ మీద నిలబెట్టారు. చెక్క పలక మీద అంకె ఉంది. రెండువందల నలభై. దాన్ని వేలితో తాకి చూసింది. ఈసారి ఎవరూ తుడవలేదు.

కందకం పొడుగునా కూలీలు వరసగా నిలబడి కేబులు భుజాల మీద వేసుకున్నారు. అందరూ కొండవాళ్ళే. మధ్యలో ధర్మ ఉన్నాడు. భుజం మీద పాత తుడుపు గుడ్డే, మడతపెట్టి కేబులు కింద మెత్తకి పెట్టుకున్నాడు. చెమటకి కళ్ళు మూసుకుపోతున్నాయి.

"ఒచ్చినావేటే గుంటా," అన్నాడు. "మా బరువుగున్నాది ఇది. ఆ సన్నదైతే నవ్వుకుంటా లాగీసినాం. దీన్నింతమందిమి పట్టినా కదలడం నేదు."

ఆమె చెప్పులు విప్పి కందకం గట్టున పెట్టింది. చున్నీ నడుముకి బిగించి, అతని వెనక ఖాళీలో దూరి కేబులు కింద భుజం పెట్టింది. చల్లగా ఉంది. బరువు ఎముక దాకా దిగింది.

కింద ఊరినుంచి వచ్చిన మేస్త్రి వరస వెంబడి నడుచుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగాడు.

"నువ్వెవరమ్మా? పొద్దున్న లేవు. కూలికి పేరు రాయించుకున్నావా?"

ధర్మ తల తిప్పలేదు.

"మా మనిషే," అన్నాడు. "రాసుకో."

మేస్త్రి భుజాలెగరేసి ముందుకు వెళ్ళి ఈల వేశాడు. అందరూ ఊపిరి బిగబట్టి లాగారు. కేబులు ఒక మూర కదిలింది.